బండి డబ్బాలో నేను పోసిన నూనె

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంతకాలం దాని బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. కాదని పోయిన నెలలో తెలిసింది. అప్పటినుంచి అన్నం సయించడం లేదు.

నేను చదివింది మూడో తరగతి. ఉత్తరం రాయాలన్నా కోడలి చేత రాయించేదాన్ని. ఇది మాత్రం ఎవరి చేతా రాయించేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ నడుం వాల్చినప్పుడు వెనక వసారాలో కూర్చుని రాస్తున్నాను. తలుపు చప్పుడైతే కాగితం కొంగు కింద దాచేస్తున్నాను. అరవై దాటినదాన్ని, నా ఇంట్లో నేను దొంగలా కూర్చోవలసి వచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదైంది. తెలిసినవాళ్ళ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. పేర్లు మార్చాను. మా ఊరు ముక్తేశ్వరానికి దగ్గర, కాలవ పక్కన. అంతకన్నా చెప్పను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పొదుపు మనిషిని. పిసినారి అని వెనకాల అంటారు, నా చెవిన పడింది కూడా. మా ఆయన పోయినప్పటినుంచి ఇంటి తాళాలన్నీ నా నడుముకే. కొబ్బరి మట్ట, డొక్క, పీచు, చిప్ప, ఏదీ పారేసి ఎరగను. డబ్బిచ్చి నూనె కొనడమంటే మరీ ఒళ్ళు మంట. తోటలో కాయ మాది, పెరట్లో ఎండేది మా కొబ్బరి, గానుగాడించిన నూనె మాది. తలకి అదే, దీపానికి అదే, తలుపు కిర్రుమంటే అదే. నూతి గిలకకి అదే. కోడలి కుట్టు మిషనుకి కూడా అదే పోసేదాన్ని. మిషను బాగానే తిరిగేది మరి. ఆ మిషను బాగా తిరగడమే నా కొంప ముంచిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. కాదులెండి. మిషను మీదకి తోసేస్తున్నాను. చేసింది నేను.

మా పెద్దబ్బాయిది కొబ్బరి వ్యాపారం. తోటలు తిరిగి కాయ బేరమాడేవాడు, కొబ్బరి బస్తాలు అంబాజీపేట చేర్చేవాడు. సైకిలు మీద తిరిగి తిరిగి చివరికి మోటారు సైకిలు కొన్నాడు. మా ఊళ్ళో అది రెండో బండి. పెట్రోలు అమలాపురం నుంచి డబ్బాలో తెచ్చుకునేవాడు. ఆ డబ్బా సామాన్ల గదిలో, నా తాళం కింద ఉండేది. ఆ రకం బండికి పెట్రోల్లోనే ఇంజను నూనె కూడా కలిపి పోయాలిట. కొలత తప్పకూడదుట. మా వాడు తొందర మనిషి, కోడలు ఒలకపోస్తుంది. అందుకని ఆ పని నేనే పెట్టుకున్నాను.

కొలత నేర్పినవాడు దావీదు.

దావీదు మెకానిక్కు. వాళ్ళ నాన్న మా పొలంలో పనిచేసినవాడు. ఇతను మాత్రం రాజమండ్రి వెళ్ళి పని నేర్చుకొచ్చి, రోడ్డు పక్క మా జాగాలోనే తాటాకు షెడ్డు వేసుకున్నాడు. చేలల్లో నీళ్ళు తోడే ఇంజన్లు, అటూ ఇటూ పోయే మోటారు సైకిళ్ళు, ఏదైనా అతని దగ్గరికే. బండి దగ్గరగా చెవి పెట్టి వినేవాడు, రోగి రొమ్ము మీద డాక్టరు విన్నట్టు. తొందరపడి ఏదీ విప్పేవాడు కాదు. నాకు ఒకరి పని నచ్చడం తక్కువ. అతని పని నచ్చేది.

కొలత చెప్పిన రోజున బండి కూడా చూపించాడు. ఇంజను చుట్టూ వరసగా పల్చటి ఇనప రెక్కలుంటాయి. "దీనికి నీళ్ళుండవండి, అమ్మగారండీ. గాలే దీనికి చలవండి. ఈ రెక్కల సందుల్లోంచి గాలి ఆడాలండి. లోపలికి మాత్రం నూనే చలవండి. ఈ రెంట్లో ఏది తగ్గినా ఒళ్ళు కాలిపోద్దండి" అన్నాడు. నేను తలూపాను. విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

ఏడాది పాటు అతను చెప్పిన కొలతే పోశాను. తరవాత పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగింది, దానితోపాటు ఆ నూనె కూడా. మా వాడు కొత్త డబ్బా తెచ్చి ధర చెప్పి వెళ్ళగానే మూత తీసి వేళ్ళకి రాసుకున్నాను. అది చూడబోతే చేతికి జిడ్డుగా మామూలు నూనెలాగే ఉంది. పక్కనే మా కొబ్బరినూనె సీసా. నూనె నూనే కదా అనుకున్నాను. సగం అది, సగం ఇది పోశాను. బండి ఎప్పటిలాగే వెళ్ళింది. వారం ఆగి మూడొంతులు మనదే పోశాను. అప్పుడూ వెళ్ళింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా వాడు వద్దంటాడని తెలుసు. అంటే, చెయ్యకూడని పని అని అప్పుడే ఎక్కడో తెలుసన్నమాటే కదా?

పొగలో వాసన వచ్చేది. మా కోడలు నవ్వేది. "అత్తయ్యగారండీ, మీ అబ్బాయి వీధి చివర ఉండగానే తెలిసిపోతుందండీ, ఎవరో తలంటుకుని వస్తున్నట్టుంటుందండీ" అనేది. కొబ్బరి బస్తాలు మోసే బండి, కొబ్బరి వాసన రాకేం చేస్తుంది అని మా వాడే అన్నాడు. నేను చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఎండలు ముదిరేసరికి బండి కాగడం మొదలైంది. అంబాజీపేట వెళ్ళే దారిలో సగంలో లాగడం మానేసేదిట. లోపల టకటకమని చప్పుడు. కాసేపు చెట్టు నీడన ఆపితే మళ్ళీ కదిలేది. దావీదు చూశాడు. రెక్కల సందుల్లో కాలవ గట్టు బురద, కొబ్బరి పీచు కలిసి పిడక కట్టినట్టు ఉందని కిరసనాయిలు, కుంచె పెట్టి అంతా కడిగాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్ళీ కాగింది. ప్లగ్గు తీసి చూశాడు, పెట్రోలు సన్నగా దిగుతోందేమోనని ఆ గొట్టమూ విప్పి శుభ్రం చేశాడు. చక్రం బిగుసుకుని ఇంజను మీద బరువు పడుతోందేమోనని బ్రేకులు వదులు చేశాడు. మళ్ళీ కాగింది. మూడోసారి పొగగొట్టం విప్పాడు. అది మా వాకిట్లోనే విప్పాడు. లోపలినుంచి ఇనప చువ్వతో నల్లటి ముద్ద గీకి తీశాడు. "మసైతే పొడిగా రాలాలండి. ఇదేంటో బంకలా సాగుతుందండి" అని వేలికి రాసుకుని చూస్తున్నాడు.

నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. ఆ మాట విన్నాను. తల ఎత్తలేదు.

ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. ఇక్కడిదాకా అయితే తెలివితక్కువ పని అని చెప్పుకోవచ్చు. ఇక్కడినుంచి కాదు. మరి ఆ రోజునుంచైనా ఎందుకు మానలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మానితే బండి బాగుపడుతుంది, బాగుపడితే ఎందుకు బాగుపడిందని దావీదు అడుగుతాడు, అడిగితే నేను చెప్పాలి, ఇంట్లో అందరి చేతా జాగ్రత్త జాగ్రత్త అనిపించుకునే నేను బండి పాడుచేశానని కొడుకు ముందు తేలిపోతుంది. ఇంత ఆలోచించానా అప్పుడు? ఆలోచించలేదేమో. భయం ఆలోచించనివ్వలేదు. ఏమీ జరగనట్టు పోస్తూ పోయాను, అంతే.

చివరికి ఇంజను మొత్తం విప్పక తప్పలేదు. దావీదు సిలిండరు రాజమండ్రి తీసుకెళ్ళి లేతు మీద సాఫు చేయించి, అందులో పైకీ కిందకీ ఆడే పిస్టను కొత్తది వేసి బిగించాడు. బండి ఇస్తూ మా వాడికి, నాకు విడివిడిగా చెప్పాడు. కొత్త పిస్టను బిగువుగా ఉంటుంది, నెల రోజులు నెమ్మదిగా నడపండి, నూనె మామూలు కొలత కన్నా కొంచెం ఎక్కువే కలపండి అని.

కొంచెం ఎక్కువ కలిపాను. ఎక్కువ కలిపింది మన నూనే.

ఇరవై రోజులు కాలేదు. కాలవ గట్టు మీద, వెనక బస్తాతో వస్తుంటే ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. చక్రం తిరగడం ఆగిపోయింది. మా వాడు గట్టు మీద రాళ్ళలో పడ్డాడు, బస్తా కాలవలో పడింది. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాము. ఎముక అతికింది కానీ ఆ చెయ్యి ఈ రోజుకీ పూర్తిగా తిరగదు. ముద్ద కలుపుకునేటప్పుడు చూస్తుంటాను. చూడలేక లేచి మజ్జిగ తేవడానికి వెళుతుంటాను.

మర్నాడు పొద్దున్న, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూసుకుని, దావీదు వెనక వసారా దగ్గరికి వచ్చాడు. చేతిలో గుడ్డమూట. ఆ రోజు మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"అమ్మగారండీ, ఒక్క మాటండి."

"చెప్పు."

గుడ్డ మెట్టు మీద పెట్టి విప్పాడు. పిస్టను. పక్కలంతా గీతలు పడి, చుట్టూ ఎర్రగా జిగురు కాలి అంటుకుని ఉంది.

"పిస్టనుకీ సిలిండరుకీ మధ్య సందు నేను చూసుకునే పెట్టేనండి. రెక్కలు శుభ్రంగా ఉన్నాయండి. ప్లగ్గు చూసేను, పెట్రోలు చూసేను, పొగగొట్టం చూసేనండి. మిగిలింది నూనొక్కటేనండి."

"అయితే?"

"కోప్పడకండి. కలిపేది మీరే కదండీ. పొరపాటున ఇంకో నూనేదైనా పడిందేమోనండి. ఇంట్లో సీసాలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదండీ."

నేను కొంగు దోపుకుని చీపురు అందుకున్నాను.

"అవునంటే చాలండి. కొట్లో ఇచ్చిన నూనె కల్తీదని అబ్బాయిగారికి నేను చెప్పేసుకుంటానండి. మీ పేరు రానివ్వనండి. నాకు తెలిస్తే చాలండి. నా చేతిలో తప్పుందో లేదో నాకు తెలియాలి కదండీ."

చూడండి. తలుపు తీసి పట్టుకున్నాడు నాకు. ఒక్క అడుగు వెయ్యాలి. వెయ్యలేకపోయాను. భయం కోపమై బయటికి వచ్చింది.

"నా ఇంటికొచ్చి నన్నే అంటున్నావా? కొట్లో కొన్న నూనే డబ్బాలో పోశాను. నీకు పని చేతకాక నా నెత్తిన రుద్దుతావా? పద, దీపం ముందు నిలబడి చెప్పమంటావా?"

అతను రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అంత మాటొద్దండి. మీరు చెప్పేరు కదండీ. చాలండి."

పిస్టను మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఆయ్, వెళ్ళొస్తానండి" అన్నాడు. వెళ్ళిపోయాడు.

రెండు రోజులకి షెడ్డు దగ్గర జనం పోగయ్యారు. మా వాడు చెయ్యి మెడకి కట్టుకుని నిలబడ్డాడు. మా మరిది గొంతు పెద్దది, రోడ్డంతా వినబడింది. "ట్యూబులకి గాలి కొట్టుకునేవాడివి, నీకెందుకురా ఇంజన్లు? ఇవాళ మణికట్టు పోయింది, రేపు మనిషి పోతే తెస్తావా?" అన్నాడు. ఎవరో నవ్వారు. షెడ్డు మా ఇంటికి ఎదురే, నేను కిటికీ వెనక నిలబడ్డాను. ఇప్పుడు చెప్పేస్తాడు, ఇప్పుడు నా పేరు చెప్పేస్తాడు అని చువ్వలు పట్టుకుని వింటున్నాను. దావీదు ఒకటే మాట అన్నాడు. "ఎక్కడో నా చెయ్యి తప్పిందేమోనండి."

జాగా ఖాళీ చెయ్యమన్నారు. చేశాడు. తాటాకు తడికలు అతనే విప్పుకున్నాడు. ఆ తరవాత మా చుట్టుపక్కల ఎవరూ అతని చేత బండి ముట్టించలేదు. సంసారం తీసుకుని గోదావరి దాటి మండపేట వైపు వెళ్ళిపోయాడని విన్నాను.

ఇక్కడ ఇంకొకటి ఉంది. ఇది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. అమలాపురం నుంచి వేరే మెకానిక్కు వచ్చి బండి బాగుచేశాడు. ఆ రోజునుంచి నేను బజారు నూనే పోశాను. కొలిచి, ఒక్క చుక్క తగ్గకుండా పోశాను. బండి ఆరేళ్ళు తిరిగింది, ఒక్కసారీ కాగలేదు. ఊళ్ళో అందరూ చూశారు కదా, అంటే తప్పంతా దావీదుదే అని తేలిపోయింది. నేను తప్పు మానడమే అతని మీద సాక్ష్యమైంది. మా వాడు ఇప్పటికీ కొత్తవాళ్ళెవరొచ్చినా చెయ్యి చూపించి ఆ కథ చెబుతాడు. అలా చెప్పిన ప్రతిసారీ నేను అక్కడే ఉంటాను.

మరి ఇన్నేళ్ళు ఎలా బతికాను? ఒక ఆలోచన పట్టుకుని బతికాను. దావీదుకి తెలుసు, తెలిసే నా పరువు కాపాడాడు అనుకున్నాను. కనిపెట్టి ఊరుకున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు నన్ను తిట్టుకునైనా మనసు తేలిక చేసుకుని ఉంటాడు అనుకున్నాను. నిజం తెలిసినవాడు ఇంకొకడున్నాడు అన్నదే నాకు ఒక ఆసరా. ఎంత సిగ్గులేని ఆసరానో చూడండి.

పోయిన నెలలో కోటిపల్లి వైపు చుట్టాలింటికి వెళ్ళవలసి వచ్చి ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాను. సైకిళ్ళు, గంపలు, మనుషులు. నా పక్కన కూర్చున్నావిడ నన్నే చూస్తోంది. దావీదు పెళ్ళాం. జుట్టు నెరిసిపోయింది, వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆవిడే పలకరించింది.

"బాగున్నారా అమ్మగారండీ? అబ్బాయిగారి చెయ్యి ఎలా ఉందండీ?"

బాగానే ఉందన్నాను. దావీదు ఎలా ఉన్నాడని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"రైసుమిల్లులో గోతాలు కుడుతున్నారండి."

"ఇంజన్ల పని?"

"ఎక్కడిదండి. మళ్ళీ ఇంజను ముట్టుకోలేదండి. మిల్లు షావుకారు ఎన్నిసార్లు బతిమాలేరో, మా ఇంజను చూడవయ్యా అని. చూడరండి. నేనైతే నూనె మీదే అనుమానపడ్డానండి, తప్పయితే క్షమించండి. ఆయన నన్నే కేకలేసేరు. అమ్మగారు స్వయంగా చెప్పేరు, ఆవిడ అబద్ధమాడరు, తప్పు నా చేతిదే, ఎక్కడ తప్పేనో నాకే తెలియట్లేదు, తెలియనివాడిని ఇంకొకరి ప్రాణం మీదకి ఎలా తెస్తాను అంటారండి."

గోదావరి మధ్యలో ఉన్నాము. చెప్పెయ్యాలి అనుకున్నాను. గట్టు వచ్చేలోపల చెప్పెయ్యాలి అనుకున్నాను. గట్టు వచ్చింది. పలక మీద కాలు జారుతుందేమోనని ఆవిడ నా చెయ్యి పట్టుకుని దింపింది. నెమ్మదండీ, నెమ్మదండీ అంది. నేను బస్సు వైపు నడిచాను.

నన్ను నమ్మాడు. అన్నీ చూసుకున్నవాడు, నూనొక్కటే మిగిలిందని తేల్చినవాడు, నా మాట విని తన కళ్ళని కాదన్నాడు. ఎందుకు నమ్మాడు? ఇంటి పెద్దదాన్నని నమ్మాడా? వాళ్ళ నాన్న మా దగ్గర పనిచేశాడని నమ్మాడా? దీపం పేరెత్తానని నమ్మాడా? అనుమానమైనా ఉంచుకుని ఉంటే ఏదో ఒక మూల తన పని మీద తనకి నమ్మకం మిగిలేది. అది కూడా మిగల్చలేదు నేను. షెడ్డు పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. పోయింది అతని చెయ్యి.

ఇది మా అబ్బాయి వారం వారం చదివే పత్రికకే పంపుతున్నాను. పేర్లు మార్చినా వాడికి తెలిసిపోతుంది. తెలిశాక ఏమంటాడో, అసలు నాతో మాట్లాడతాడో లేదో నాకు తెలియదు. మండపేటలో ఎవరైనా చదివి, గోతాలు కుట్టే ఒక మనిషికి చెబుతారని ఆశ. చెప్పకపోవచ్చు కూడా. నేనే వెళ్ళి చెప్పవచ్చు కదా అంటారు. వెళ్ళాలి. వెళతానని రాయడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు. నా మాట విలువెంతో చూశారుగా.

క్షమించమని అడగను. అడిగితే ఆ మనిషి సరేనండి అనేస్తాడు. అందుకే అడగకూడదు.

దావీదూ, సందు సరిగ్గానే పెట్టావు. రెక్కలు సరిగ్గానే కడిగావు. నువ్వు విప్పినవన్నీ సరిగ్గానే విప్పావు, బిగించినవన్నీ సరిగ్గానే బిగించావు. నీ చెయ్యి ఎక్కడా తప్పలేదు. నూనె కలిపింది నేను. తెలిసిన తరవాత కూడా కలిపాను.

రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. ఆ రోజు నువ్వు అడిగింది అవునన్న ఈ పాటి మాటే. కాగితం మీద పట్టుమని ఒక వరస కూడా లేదు.